మనం బల్లి మీద పడితే...

బల్లి మన మీద పడితే ఏమవుతుందో చెప్పడానికి పంచాంగంలో ఒక పట్టికే ఉంది. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఇంకో ఫలం. మనం బల్లి మీద పడితే దాని గతేమిటో చెప్పే పట్టిక మాత్రం ఏ పంచాంగంలోనూ లేదు.

నేను చెప్పేది హాస్టల్ ట్యూబ్‌లైట్ పక్కన కాపు కాసే మన బల్లి గురించి కాదు. అమెరికా, యూరప్‌లలో ఇళ్లలో పెంచుకునే లెపర్డ్ గెకో గురించి. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం దాని పుట్టిల్లు. ఒంటినిండా చిరుత మచ్చలు, కళ్లకు రెప్పలు (మన గోడబల్లికి రెప్పలుండవు, గమనించారా?). నున్నటి గోడ ఎక్కడం మాత్రం దానికి రాదు. దాని దాయాది ఒకటి మన తూర్పు కనుమల్లో కూడా ఉంది. పట్టుకొచ్చి డబ్బాలో పెడదామని ఎవరికైనా అనిపిస్తే ఆ ఆలోచన ఇక్కడే ఆపేయండి.

పెంపకంలో పుట్టే లెపర్డ్ గెకో పిల్లల్లో కొన్ని వంకర తోకతోనో, వంగిన వెన్నుతోనో, సరిగా ఏర్పడని కన్నుతోనో గుడ్డు నుంచి బయటికొస్తాయి. ఎందుకిలా అంటే ముందుగా వినిపించే జవాబు "ఇంక్యుబేటర్ వేడి ఎక్కువైందండీ" అని. అందులో నిజం లేకపోలేదు. ఈ బల్లికి ఆడా మగా అన్నది తేల్చేదే వేడి. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడపిల్లలు, 32.5 దగ్గర ఎక్కువగా మగవి, 34 దాటితే మళ్లీ ఎక్కువగా ఆడవే. అంత సున్నితమైన గుడ్డు. థర్మోస్టాట్ సెన్సర్ ఒక మూల, గుడ్లు ఇంకో మూల ఉంటే స్క్రీన్ మీద అంకె నిజమే, గుడ్డు దగ్గర వేడి వేరు. ల్యాబ్‌లో ఈ తమాషా మనకి తెలియనిదా! గుడ్డుని తిరగేసినా ప్రమాదమే. కోడిగుడ్డులా కాదు, లోపలి పిండం ఒక పక్కకి అంటుకుని పెరుగుతుంది.

రెండో అనుమానం తల్లి తిండి మీద. ఒక్క సీజన్‌లో తల్లి రెండేసి గుడ్ల చొప్పున చాలాసార్లు పెడుతుంది. కాల్షియం, విటమిన్ డి3 చాలకపోతే ఆ లోటు ముందు దాని ఎముకల్లో కనబడుతుంది, ఆ తర్వాత గుడ్లలో.

ఈ రెండూ ఒప్పుకుంటాను. కానీ ఇంక్యుబేటర్ చాలా సౌకర్యమైన ముద్దాయి అని నా అభిప్రాయం. దానికి నోరు లేదు, మార్చేస్తే సరిపోతుంది. మూడో అనుమానం అలాంటిది కాదు. అది మనం ఏరికోరి జత కలిపిన రక్తం.

లెమన్ ఫ్రాస్ట్ అనే రంగు కథ చూడండి. ఒకే ఒక్క బల్లిలో అనుకోకుండా వచ్చిన మార్పు అది. నిమ్మపండు మీద మంచు పడ్డట్టు ఉంటుంది. ఎగబడి కొన్నారు, పిల్లల్ని తీశారు. కొన్నాళ్లకు చర్మంలో తెల్ల గడ్డలు మొదలయ్యాయి. యూసీఎల్ఏ శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించిన పరిశోధనలో దానికి ముడిపడిన జన్యువు స్పింట్1 అని తేల్చారు. ఈ రంగు బల్లుల్లో 80 శాతానికి పైగా గడ్డలు వస్తాయట. ఆ అందాన్నీ ఆ రోగాన్నీ తెచ్చేది ఒకే జన్యువు అన్నమాట. ఎనిగ్మా అనే ఇంకో రకంలో పిల్లలు తల పక్కకి వాల్చి గుండ్రంగా తిరుగుతుంటాయి, పురుగుని గురిచూసి పట్టుకోలేవు. ఇంక్యుబేటర్ ఎంత ఖరీదైనది కొన్నా ఈ రెండూ ఆగవు.

మరి ఏది కారణమో ఎలా పట్టాలి? మన డీబగ్గింగే. ఒకే పెట్టెలో వేర్వేరు తల్లుల గుడ్లన్నీ పాడైతే పెట్టెని చూడాలి. పెట్టె మారినా, ఏడాది మారినా అదే జతకి అదే అవకరం వస్తుంటే రక్తాన్ని చూడాలి. ఒక చిక్కుంది: ఆడది మగదాని వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలదు కాబట్టి, మధ్యలో మగదాన్ని మారిస్తే తండ్రెవరో కూడా అనుమానమే. తేదీలతో సహా రాసుకుంటే తప్ప ఏదీ తేలదు. కానీ బాగా పుట్టినవాటి ఫొటోలు పదిమందికీ చూపిస్తారు, వంకరగా పుట్టినదాన్ని పుస్తకంలో కూడా ఎక్కించరు. లాగ్ ఫైల్‌లో ఎర్రర్లు చెరిపేసి "కోడ్ బాగానే నడుస్తోంది" అన్నట్టుంది.

ఇక్కడ నా పట్టుదల ఒకటుంది, చాలామందికి నచ్చదు. అవకరం ఒకే జతకి మళ్లీ కనిపిస్తే ఆ జతని విడదీయడంతో సరిపోదు, చక్కగా ఉన్న తోబుట్టువుల్ని కూడా సంతానానికని అమ్మకూడదు. లోపం రెండు వైపుల నుంచీ అందితేనే బయటపడే రకమైతే, బాగున్నట్టు కనిపించే ప్రతి 3 పిల్లల్లో సగటున 2 దాన్ని మోస్తుంటాయి. ఇంటర్ బైపీసీ లెక్కే ఇది. "మరి నష్టం ఎవరు భరిస్తారు?" అంటారు. అమ్మేవాడే భరించాలి. పెంచుకోవడానికి మాత్రమే ఇస్తున్నానని చెప్పి, తక్కువ ధరకి ఇవ్వాలి. కొనేవాళ్లు కూడా రంగు చూసి బేరమాడే ముందు ఆ జతకి పుట్టిన పిల్లలన్నిటి లెక్కా చూపించమని అడగాలి, చచ్చిపోయినవాటితో సహా.