దిబ్బల దుమ్ము మాకు, గ్రాంటు ఎవరికి?

కేంద్ర గనుల శాఖ 2023లో ప్రిజం పథకం తెచ్చింది. గనుల్లో, లోహాల్లో కొత్త పద్ధతి కనిపెట్టే స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు సర్కారు సొమ్మిస్తారట. 2025లో కీలక ఖనిజాల మిషన్‌కు రూ.16,300 కోట్లన్నారు. పాత దిబ్బల్లోంచి ఖనిజం రాబట్టడమూ అందులో ఒక పని. మేం సైన్సుకు అడ్డం కాదు. బళ్లో పిల్లలకు అది చెప్పుకునే బతుకే మాది.

కానీ ఆ దిబ్బలెవరివి? కోలార్ బంగారు గనుల్లో మూడు కిలోమీటర్ల లోతుకు దిగిన తమిళ, తెలుగు దళితుల చెమటవి. 2001లో గని మూసేశారు. బంగారం పోయింది, సైనైడ్ దిబ్బలు మిగిలాయి. గాలి లేస్తే ఆ దుమ్ము కార్మికుల ఇళ్ల మీదికే. బండ చప్పుడు విని ప్రమాదం పసిగట్టినవాడిది విద్య కాదా? కంపెనీ బోర్డు కట్టినవాడిదేనా?

సర్కారు కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీ పరిశ్రమలకు 4 శాతమని 2012లో రాసుకున్నారు గదా! గ్రాంటులోనూ మా వాటా రాయండి. ఎవరికెంత ఇచ్చారో కులంవారీగా లెక్క అచ్చేయండి. దుమ్ము ఆపే, ఊపిరి కాపాడే పనికి మొదటి పైసా పెట్టండి.

గనిలోకి దించేటప్పుడు మా కులం గుర్తొచ్చింది. గ్రాంటు పంచేటప్పుడూ గుర్తు రావాల!