నోటీసుకు ముందటి మాట

గోదాములో బియ్యపు బస్తాలను నిట్టలుగా పేర్చి, వానిపై దళసరి పట్టాలు కప్పి, అంచులు లేవకుండ ఇసుక సంచులు పెట్టి, లోపల బూడిదవన్నె బిళ్లలను ఉంచుట మన డెల్టా జిల్లాలలో గోదాము ముఖము చూచిన వారందరును ఎరిగిన పనియే. గాలిలోని తేమ తగిలినంతనే ఆ బిళ్ల విషవాయువును వదలును; ముక్కపురుగు చచ్చును; బియ్యము నిలుచును. అల్యూమినియం ఫాస్ఫైడు అను ఈ అల్పవస్తువు భారతదేశపు ఆర్థిక నియంత్రణ శాస్త్రములో ఒక ప్రధానమైన తీర్పునకు కారణమైనదని ఆ బస్తాలు మోసిన హమాలీకి గాని, ఆ బియ్యము తిన్న మనకు గాని తెలియదు. 2009లో భారత ఆహార సంస్థ ఈ బిళ్లలకై పిలిచిన టెండరులో మూడు కంపెనీలు కిలోకు 388 రూపాయలని, ఒక్క పైసా హెచ్చుతగ్గు లేకుండ, ఒకే ధర వ్రాసినవి. ఆహార సంస్థ ఫిర్యాదు చేయగా కాంపిటీషన్ కమిషను విచారణ జరిపించి, 2012లో వాని సగటు టర్నోవరుపై నూటికి తొమ్మిది వంతున జరిమానా విధించెను. మూడింటిలో పెద్ద కంపెనీ వంతునకు వచ్చినది సుమారు 252 కోట్ల రూపాయలు.

కంపెనీల పక్షమున న్యాయవాదులు లేవనెత్తిన ప్రశ్నలలో ముఖ్యమైనవి రెండు. కాంపిటీషన్ చట్టములో కుమ్మక్కును నిషేధించు నిబంధన 2009 మే 20న గాని అమలులోనికి రాలేదు. టెండరు ప్రకటన అంతకు మునుపే వెలువడినది. కావున చట్టము మాకు వర్తించదనునది మొదటిది. టర్నోవరనగా కంపెనీ చేయు సమస్త వ్యాపారమా, లేక తప్పు జరిగిన ఆ ఒక్క సరకు వ్యాపారమా అనునది రెండవది. ఎక్సెల్ క్రాప్ కేర్ పేరున ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యములో 2017 మే 8న సుప్రీంకోర్టు మొదటి వాదమును త్రోసిపుచ్చి, రెండవదానిలో ఆ ఒక్క సరకు వ్యాపారమే లెక్కకు వచ్చునను కంపెనీల వాదమును అంగీకరించెను. 252 కోట్ల జరిమానా ఏడు కోట్లకు లోపుగనే నిలిచెను. న్యాయవాదులు దోషులను ఒడ్డుకు చేర్చిరని ఆనాడు అన్నవారు లేకపోలేదు. నేను ఆ మాటను అంగీకరింపజాలను. కుమ్మక్కు జరిగినదనిన నిర్ణయము చెక్కుచెదరలేదు. చట్టము చేసినవారు ఒక పదమును వాడి, దాని పరిధిని చెప్పక విడిచిరి. ఆ లోపమును న్యాయవాది వ్రేలు పెట్టి చూపెను. న్యాయస్థానము తనకు తోచిన అర్థమును చెప్పెను. ఆ అర్థము రుచింపని పార్లమెంటు 2023లో చట్టమును సవరించి, టర్నోవరనగా ప్రపంచమంతట కంపెనీ చేయు వ్యాపారమని స్పష్టముగా వ్రాసెను. ఈ ఒరపిడిలోనే నియంత్రణ చట్టము పదును తేరును.

అయినను, టెండరు నుండి తుది తీర్పు వరకు గడచినవి ఎనిమిది సంవత్సరములు. ఆ ఎనిమిదేండ్ల వ్యయమును, అపకీర్తిని, యాతనను తప్పింపగల మాట ఒకటే కలదు. అది టెండరు ఫారము నింపక మునుపు ఎవరో ఒకరు కంపెనీ మేనేజరుతో చెప్పవలసిన మాట. వ్యాపార న్యాయసంస్థ యొక్క అసలైన ప్రయోజనము కోర్టు హాలులో కంటె తన కార్యాలయములో, నోటీసు రాకమునుపు, హెచ్చుగా ఉన్నదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ అవసరము మన దేశములో ఎట్లు పుట్టినదో చూడవలెను. 1951 నాటి పరిశ్రమల చట్టము, 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టము, 1973 నాటి విదేశీమారక నియంత్రణ చట్టము చెలరేగిన కాలమున వ్యాపారికి కావలసినది శాస్త్రజ్ఞానము కాదు, ఢిల్లీలో ఫైలు ఏ బల్లపై ఉన్నదో ఎరిగిన మనిషి. రాజ్యము అడుగడుగున "నన్నడిగి చేయుము" అనెను. వ్యాపారి అడిగెను, కాచుకొనెను, ఎవరినో పట్టుకొనెను. 1991 జూలైలో ఆర్థిక సంస్కరణలు మొదలైన తరువాత ఆ మాట మారెను. 1992లో స్టాకు మార్కెట్టును నియంత్రించు సెబీకి చట్టబద్ధత వచ్చెను. 2000 జూన్ నుండి విదేశీమారకమునకు "నియంత్రణ"కు మారుగా "నిర్వహణ" చట్టము అమలయ్యెను. 2002లో కాంపిటీషన్ చట్టము పుట్టెను. "నీవే చదువుకొని చేయుము, తప్పినచో బదులు చెప్పుము" అని రాజ్యము నేడు అనుచున్నది. ఇది స్వేచ్ఛయే, సందేహము లేదు. కాని తన పనికి తానే న్యాయనిర్ణేత కావలసిన స్వేచ్ఛ. అందుచేతనే వ్యాపారి ప్రక్కన చట్టమును చదివి చెప్పు మనిషి ఉండవలసి వచ్చినది.

ఆ చదివి చెప్పుట ఎట్టిదో దగ్గరగా చూతము. ఒక వర్తక సంఘము నెలవారీ సమావేశమునకు అజెండా కాగితము సిద్ధము చేయుననుకొందము. మొదటి అంశము జీఎస్టీ ఇబ్బందులు. రెండవది హమాలీ రేట్లు. మూడవది "మార్కెట్టు ధర విషయమై సభ్యుల మధ్య ఏకాభిప్రాయము". కార్యదర్శి దృష్టిలో ఆ మూడవ అంశమున దోషమే లేదు. తాతల నాటి నుండి సంఘము కూడుకొనుచున్నది అందులకే గదా! న్యాయవాది ఆ పంక్తిని ఎఱ్ఱ పెన్సిలుతో కొట్టివేయుటతో ఊరకుండడు. ఎవరైన ధర ప్రస్తావన తెచ్చినచో అధ్యక్షుడు వెంటనే వారించవలెననియు, వారింపకున్నచో సభ్యుడు లేచి వెళ్లిపోవలెననియు, వెళ్లిపోయిన సంగతి మినిట్సు పుస్తకములో వేళతో సహా ఎక్కవలెననియు చెప్పును. ఇది అతి జాగ్రత్త కాదు. కొత్తగా స్టాకిస్టును నియమించుకొనుటకు స్థానిక సంఘపు నిరభ్యంతర పత్రము కావలెనను మందుల వర్తకుల ఆచారము దశాబ్దముల పాటు నిరాటంకముగా సాగినది. 2012లో గోవా సంఘముపైనను, 2013లో అఖిల భారత సంఘముపైనను కమిషను జరిమానాలు విధించినప్పుడు గాని, తాము కట్టుబాటనుకొన్నది చట్టము దృష్టిలో కుమ్మక్కని ఆ వర్తకులకు తెలియలేదు. పదాధికారులను వ్యక్తిగతముగా దండించుటకును ఈ చట్టమున వీలు కలదు.

కంపెనీల కొనుగోళ్లలో పని వేరు విధముగ నుండును. 2024 సెప్టెంబరు నుండి, లావాదేవీ విలువ రెండువేల కోట్ల రూపాయలు మించి, కొనబడు సంస్థకు ఈ దేశమున గణనీయమైన వ్యాపారము ఉన్నచో, దాని ఆస్తులు ఎంత స్వల్పమైనను కమిషను అనుమతి కావలెను. దరఖాస్తు నింపుట గుమాస్తా పనియని తలచుట పొరపాటు. ఫ్యూచర్ కూపన్స్ సంస్థలో వాటా కొన్న అమెజాన్ 2019లో అనుమతి పొందెను. కొనుగోలు యొక్క అసలు ఉద్దేశమును దరఖాస్తులో మరుగుపరచినదని 2021 డిసెంబరులో కమిషను నిర్ణయించి, ఆ అనుమతిని నిలిపివేసి, 202 కోట్ల రూపాయల జరిమానా విధించెను. మరుసటి యేడు అప్పీలు ట్రిబ్యునలు దానిని సమర్థించెను. ఆ నిర్ణయమునకు కమిషను ఆధారము చేసికొన్న వానిలో కంపెనీ లోపల నడచిన లేఖలు కూడ ఉన్నవి.

తప్పు జరిగిపోయినదని తెలిసిన నాటి సలహా అన్నిటికంటె కఠినము. కుమ్మక్కులో పాలుపంచుకొన్న కంపెనీ తానే ముందుకు వచ్చి నిజము చెప్పి, కీలకమైన ఆధారములను అప్పగించినచో, మొదట వచ్చిన వానికి నూటికి నూరు వంతుల వరకు, రెండవ వానికి ఏబది వరకు, తరువాతి వారికి ముప్పది వరకు జరిమానా తగ్గింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. రైల్వే ఫ్యాన్ల టెండర్ల వ్యవహారములో 2017లో తొలిసారిగా ఈ మినహాయింపు పొందిన సంస్థకు డెబ్బదియైదు వంతులు తగ్గినది. ఇక్కడ గంటలు లెక్కకు వచ్చును. రేపు పోదమనుకొన్నవాడు రెండవవాడగును. "సాయంత్రములోగా ఒప్పుకొనుము" అని తనకు ఫీజు ఇచ్చు కక్షిదారు మొగము మీద చెప్పగల ధైర్యము ఎంతమందికి ఉండును?

ఆ ధైర్యమునకు స్వాతంత్ర్యము మూలము. కంపెనీ జీతముపై పూర్తికాలము పనిచేయు వ్యక్తి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిల్ నియమము కలదు. న్యాయవాదికిని కక్షిదారునకును మధ్య నడచిన మాటలకు సాక్ష్య చట్టమిచ్చు రక్షణ అట్టి ఉద్యోగికి వర్తించదని 2025లో సుప్రీంకోర్టు కూడ చెప్పినది. ఉద్యోగి యజమానికి కాదని చెప్పుట కష్టము. బయటి సంస్థ చెప్పగలదు. కాని, ఒక్క కక్షిదారు ఫీజుపైననే బ్రదుకుచున్న న్యాయసంస్థకు ఆ గౌరవము దక్కదని కూడ చెప్పక తప్పదు.

ఇంతవరకు చెప్పినది పెద్ద కంపెనీల కథ. నా మనస్సును కలచివేయునది మిర్యాలగూడ మిల్లరు, గుంటూరు మిర్చి వర్తకుడు, మండల కేంద్రపు మందుల దుకాణదారుల సంఘపు కార్యదర్శి. బొంబాయిలో 1830 నుండి సొలిసిటరు సంస్థలు కలవు. మన జిల్లా కేంద్రములలో సివిలు దావాలకు, క్రిమినలు కేసులకు దిట్టలైన వకీళ్లున్నారు గాని, ఢిల్లీ కమిషను ఎదుట వాదించిన వారిని వ్రేళ్ల మీద లెక్కింపవలెను. న్యాయవాది ప్రకటనలిచ్చి కక్షిదారులను పిలువరాదను నియమము వృత్తిగౌరవమునకు తగినదే. అయినను తనకు కావలసిన మనిషి ఎక్కడ ఉన్నాడో తెలియక ఆ కార్యదర్శి ఆంగ్లములో వచ్చిన నోటీసును పట్టుకొని, పన్నుల లెక్కలు వ్రాయు ఆడిటరు ఇంటికి పోవును. ఆడిటరు మంచివాడే, ఆ నోటీసు ఆయన శాస్త్రము కాదు. దీనికి ఖర్చు తక్కువ గల మార్గమొకటి ఉన్నది: జిల్లా వర్తక మండలి సభ్యుల చందా నుండి కొంత తీసి, సమర్థమైన ఒక న్యాయసంస్థతో సంవత్సరపు ఒడంబడిక చేసికొని, ఏడాదికి రెండు పర్యాయములు ఆ న్యాయవాదిని రప్పించి, తమ సంఘపు నియమావళిని, పాత తీర్మానములను ఆయన ముందుంచి, ఏ పంక్తి చట్టవిరుద్ధమో తెలుగులో చెప్పించుకొని, ఆ పంక్తిని ఆ సభలోనే కొట్టివేయవలెను.