చెడు కబురు పైదాకా వెళ్తుందా?

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్గు మీదికి బీపీ, ట్రాన్సోషన్ కంపెనీల పెద్దలు వచ్చారు. పనికి రాలేనంత గాయం ఒక్కరికీ కాకుండా ఏడేళ్లు గడిచినందుకు సిబ్బందిని అభినందించడం ఆ పర్యటన ఉద్దేశాల్లో ఒకటి. ఆ రాత్రే బావి పేలి 11 మంది చనిపోయారు. ఏడేళ్ల లెక్కలో అబద్ధం ఉందని అనలేం. మెట్ల మీద జారిపడటం, వేళ్లు నలగడం లాంటివి ఆ లెక్కకు అందుతాయి. బావిలోంచి తన్నుకొస్తున్న గ్యాస్ అందదు. మన పెద్ద ఫ్యాక్టరీల గేట్ల దగ్గర కూడా ‘ప్రమాదం లేని రోజులు’ అంటూ రోజుకో అంకె పెంచే బోర్డులుంటాయి. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం, ఆ వారమంతా ప్రతిజ్ఞలు, పోటీలు, బహుమతులు. వీటిని తప్పుపట్టనక్కర్లేదు గానీ, భద్రతా సంస్కృతి ఉందో లేదో వీటిని చూసి తేల్చలేం. ‘ఇక్కడేదో తేడాగా ఉంది’ అని కింది కార్మికుడు అన్న మాట ఎంత పైదాకా వెళ్తుంది, వెళ్లాక పని ఆగుతుందా లేదా అన్నదాన్ని బట్టే అది తేలుతుంది.

అదే బీపీకి ఐదేళ్ల ముందే ఈ పాఠం అందింది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో షట్‌డౌన్ తర్వాత ఒక యూనిట్‌ను మళ్లీ నడపడం మొదలుపెట్టారు. టవర్‌లోకి ద్రవం గంటల తరబడి ఎక్కుతూనే ఉంది. కంట్రోల్ రూమ్‌లోని మీటరు మాత్రం మట్టం తగ్గుతోందని చూపించింది. మట్టం మితిమీరితే మోగాల్సిన అలారం మోగలేదు. కొన్ని పరికరాలు సరిగా పనిచేయడం లేదని ముందే తెలిసినా బాగుచేయకుండానే యూనిట్‌ను ప్రారంభించారు. అక్కడి ఆపరేటర్లు రోజుకు 12 గంటల చొప్పున వరుసగా 29 రోజులో, అంతకన్నా ఎక్కువో డ్యూటీ చేస్తున్నారని దర్యాప్తులో తేలింది. పొంగిపొర్లిన ద్రవం ఆవిరై అంటుకుంది; 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. ఆ 15 మందీ కాంట్రాక్టు సిబ్బందే. వారి తాత్కాలిక ట్రెయిలర్ ఆఫీసులను ప్రమాదకర యూనిట్ పక్కనే పెట్టారు. తర్వాత నియమించిన బేకర్ కమిటీ, వ్యక్తిగత గాయాల రేటు తగ్గుతుండటం చూసి ప్లాంటు కూడా క్షేమంగానే ఉందని కంపెనీ భ్రమపడిందని 2007లో తేల్చింది. అది చదివిన కంపెనీయే మూడేళ్లకు రిగ్గు మీద అదే లెక్కకు అభినందనలు చెప్పింది. నివేదికను ఒప్పుకోవడం వేరు, అలవాటు మార్చుకోవడం వేరు.

మన అనుభవం ఇంతకన్నా భిన్నంగా లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడి 12 మందిని బలిగొంది. లాక్‌డౌన్‌తో ప్లాంటు ఆగి ఉన్నా ట్యాంకులో స్టైరీన్ మాత్రం నిల్వ ఉంది. దాని ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారు. పై పొరలు కాగిపోతున్నా మీటరుకు తెలిసే వీల్లేదు. 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా, అది మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పింది. సైరన్ మోగకపోవడాన్ని పరికరాల కొరత అనలేం. బటన్ నొక్కాల్సిన చెయ్యి ఎవరి అనుమతి కోసం ఆగిందన్నదే అక్కడ ప్రశ్న. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడుకు 40 మందికి పైగా బలయ్యారు. యంత్రాలు పాతబడ్డాయని కార్మికులు ముందే చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదని ఒక మృతుడి కుటుంబం పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఆరోపించింది. నిజానిజాలు కోర్టు తేల్చాలి. అయితే ప్రతి పెద్ద ప్రమాదం తర్వాతా ‘ముందే చెప్పాం’ అన్న మాట ఎక్కడో ఒకచోట వినిపించడం యాదృచ్ఛికం కాదు.

ఆ మాట ఎందుకు పైకి వెళ్లదో షిఫ్టులో నిలబడి చూస్తే అర్థమవుతుంది. ప్రమాదకరమైన పనుల్లో చాలావరకు చేసేది లేబర్ కాంట్రాక్టరు కింద ఉన్నవారే. బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాడికి భాష రాదు, యూనియన్ ఉండదు. ‘రేపటి నుంచి రావద్దు’ అని కాంట్రాక్టరు అంటే ఆ నెల ఇంటికి డబ్బు వెళ్లదు. పైగా సున్నా ప్రమాదాలకు బోనస్ పెడితే, వేలు తెగినవాడు తోటివాళ్లందరి బోనస్ పోగొట్టినవాడవుతాడు. అతను బయట కట్టు కట్టించుకుని సెలవు పెట్టుకుంటాడు. బోర్డు మీద అంకె మరో రోజు పెరుగుతుంది. తృటిలో తప్పిన ప్రమాదాలు నెలల తరబడి ఒక్కటీ నమోదు కాని ఫ్యాక్టరీని మెచ్చుకోవడం కన్నా అనుమానించడం మేలు.

కార్మికుల నిర్లక్ష్యమే అసలు కారణం, హెల్మెట్ ఇచ్చినా పెట్టుకోరు అని యాజమాన్యాలు అంటాయి. అందులో కొంత నిజముంది. కానీ టెక్సస్ సిటీలో కూలిన ట్రెయిలర్ కింద హెల్మెట్ ఎవర్ని కాపాడుతుంది? ట్రెయిలర్ ఎక్కడ పెట్టాలో, సెన్సర్ ఎక్కడ బిగించాలో కార్మికుడు నిర్ణయించడు. ఇక రెండో అభ్యంతరం ఖర్చు. 1987లో అల్యూమినియం దిగ్గజం అల్కోవా పగ్గాలు చేపట్టిన పాల్ ఓనీల్ భద్రతకే మొదటి స్థానమన్నారు. మేనేజర్లు వినకపోతే తనకే చెప్పమని కార్మికులకు ఇంటి ఫోన్ నంబరిచ్చారు. మెక్సికో ప్లాంటులో విషవాయువుతో కార్మికులు అస్వస్థులైన సంగతిని పైకి తెలియజేయని ఒక సీనియర్ అధికారిని తొలగించారు. ఆయన దిగిపోయేనాటికి వందమందికి 1.86గా ఉన్న పనిదినాల నష్టం 0.2కు తగ్గింది, లాభం ఐదు రెట్లయింది. గాయాల రేటును నమ్మవద్దని ఇప్పుడే చెప్పి మళ్లీ దాన్నే సాక్ష్యంగా తెస్తున్నారేమిటని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. లాభానికీ భద్రత ఒక్కటే కారణమని ఎవరూ అనలేరు. అల్కోవా అంకెను నమ్మేలా చేసేది ఆ తొలగింపే: అక్కడ దెబ్బ తగలడానికి కాక, దాచడానికి శిక్ష పడింది.

పని ఆపే అధికారం అందరికీ ఇస్తే దుర్వినియోగం చేస్తారన్నది మూడో భయం. టయోటా ప్లాంట్లలో నాణ్యత కోసం ఏ కార్మికుడైనా తాడు లాగో, బటన్ నొక్కో లైను ఆపించే పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. కారు తలుపు సరిగా పడలేదని లైను ఆపవచ్చు గానీ, రియాక్టర్ వేడెక్కిందని ఆపకూడదా?

చట్టం ఇక్కడ సగంలోనే ఆగింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదం ముంచుకొస్తోందని హెచ్చరించే హక్కును కార్మికులకు ఇచ్చారు. 2020 నాటి కొత్త వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. అయితే అది యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పుకునే హక్కు మాత్రమే, పని ఆపే హక్కు కాదు. ఆ మిగతా సగాన్ని పెద్ద కంపెనీలు తమంతట తామే పూరించవచ్చు, ఏ జీవో కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. స్టాక్ మార్కెట్‌లో మొదటి 1000 కంపెనీలు గాయాల రేటు, మరణాల సంఖ్య ఏటా వెల్లడించాలని సెబీ ఇప్పటికే నిర్దేశించింది. ఆ పట్టికలో మరో రెండు వరుసలు చేర్చాలి: తృటిలో తప్పిన ప్రమాదాలను కాంట్రాక్టు కార్మికులు ఎన్నిసార్లు తెలియజేశారు, వారి మాట మీద పని ఎన్నిసార్లు ఆపారు. ఈ రెండు అంకెలూ సున్నా అని రాసిన కంపెనీని వాటాదారులు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మొదట ప్రశ్నించాలి.