నాచు పొట్లము, కీటో పథ్యము

పిండిపదార్థములను దినమునకు 20 మొదలు 50 గ్రాములకు కుదించి, దేహమును కొవ్వు ఆధారముగా నడుపజూచు కీటో పథ్యమును 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగుల కొరకు ప్రతిపాదించెను. తెలుగునాట దానికి చేరువైన పథ్యమొకటి వీరమాచనేని రామకృష్ణగారి ప్రచారము వలన ఇంటింట చర్చకు వచ్చినది. రాగిసంగటి ప్రధానాహారముగాగల చిత్తూరు సీమయందు ఈ నియమమును పాటించుట సామాన్యమైన త్యాగము కాదు. ఏలయన 100 గ్రాముల రాగిపిండిలో ఇంచుమించు 70 గ్రాములు పిండిపదార్థమే. సంగటిని, బొరుగులను మానుకొన్నవారు కరకరలాడు వస్తువు దేనికొరకైనను వెదకుట సహజము గనుక, పెద్ద అంగళ్లలోను ఆన్‌లైనులోను దొరకు సముద్రపు నాచు పొట్లములు వారి కంటబడుచున్నవి.

నోరి అను నాచు రేకులను కాల్చి, వానికి నూనె, ఉప్పు మాత్రమే చేర్చినయెడల అవి ఈ పథ్యమునకు నిస్సందేహముగా తగినవి. 5 గ్రాముల పొట్లములో పిండిపదార్థము రెండు గ్రాములను మించదు, అందును కొంత పీచే. కాని, ఇంచుమించు అదే వేషముతో అమ్ముడగు టెంపురా రకమున ఆ రేకును గోధుమపిండి లేక బియ్యపుపిండి జారులో ముంచి వేయింతురు. మరికొన్నిటికి చక్కెర కలిపిన సోయా రసమును పూయుదురు. నాచు లఘువైనదని నమ్మి వీనిని ఆరగించువారు తాము విసర్జించిన బొరుగులనే వేరొక రూపమున భుజించినవారగుదురు.

పిండిలెక్క సరిపోయినంత మాత్రమున పొట్లము నిరపాయమనియు తలపరాదు. పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ చాలును. నోరిలో అది మితముగనే యుండును గాని, కొంబు అను ముదురు నాచులో ఒక్క గ్రాముననే అంతకు అనేక రెట్లు ఉండవచ్చును. థైరాయిడ్ మందు వాడువారు తాము నాచు తినుచున్న సంగతిని వైద్యునితో చెప్పి తీరవలెను. ఇన్సులిన్ తీసికొనువారు అసలు కీటో పథ్యమునకే వైద్యుని అనుమతి లేక పూనుకొనరాదు. అంతగా కరకరలే కావలెనన్న, మన మెట్టచేలలో పండు చెనక్కాయలను వేయించి గుప్పెడు తిన్నను పిండిపదార్థము ఇంచుమించు అయిదు గ్రాములేయని, అందు సగమునకు దగ్గరగా పీచేయని, నేను గట్టిగా చెప్పగలను.

2022లో జరిగిన జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాకు కడలితీరము సంక్రమించినను, నాచు మన వంటయింటికి క్రొత్తది. పెద్దల అనుభవము తోడురాని ఈ పదార్థమునకు పొట్లము వెనుకనున్న అక్షరములే ప్రమాణము. పదార్థములను అచ్చట బరువు తగ్గు క్రమమున వ్రాయుదురు కావున, పిండి గాని చక్కెర గాని మొదటి మూడు పేర్లలో కనిపించినయెడల ఆ పొట్లమును విడిచిపెట్టవలెను. అయితే ఆ వివరములు ఇంగ్లీషున గాని దేవనాగరి లిపిలోని హిందీన గాని ఉన్న చాలునని నిబంధన. పీలేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి పట్టణములలో మధుమేహముతో ఈ పథ్యమునకు పూనుకొను పెద్దలలో ఆ రెండును చదువలేనివారు ఎందరో కలరు. పిండిపదార్థము, చక్కెర, ఉప్పు, అయొడిన్ ఎంతెంత యున్నవో తెలుగున ముద్రించునట్లు రాష్ట్ర ప్రభుత్వము ఆహార భద్రతా సంస్థను కోరవలెను. అంతవరకు అంగడివారైనను అడిగినవారికి వానిని చదివి చెప్పవలెను.