ఒక్క దారినే నమ్ముకుంటే...

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సు ఏ హోటల్ ముందు ఆగాలో ప్రయాణికులు తేల్చరు. డ్రైవరు తేలుస్తాడు. ఇరవై నిమిషాలు ఆగుతుంది. నలభై మంది దిగుతారు, టీలు తాగుతారు, పిల్లలకి బిస్కెట్లు కొంటారు. డ్రైవరుకి మాత్రం భోజనం ఉచితం. హోటల్ యజమాని దానకర్ణుడేమీ కాదు. గిరాకీని గుమ్మం దాకా తెచ్చినవాడికి ఆయన ఇచ్చే కమీషన్ అది!

నందిగామ, జగ్గయ్యపేట వాళ్లకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి పక్కన పెరిగిన ఊళ్లు ఇవి. ఇక్కడ పండిన మిర్చి గుంటూరు యార్డుకి చేరితే అక్కడ రైతుకీ, కొనే వ్యాపారికీ మధ్య నిలబడేది కమీషన్ ఏజెంటే. సరుకు తను పండించింది కాదు, తను వాడుకునేదీ కాదు. ఇద్దరినీ కలిపినందుకు నూటికి ఇంత. అదే పనిని ఇప్పుడు ఎంతోమంది యువతీయువకులు, గృహిణులు ఫోన్లో చేస్తున్నారు. దాని పేరే అఫిలియేట్ మార్కెటింగ్.

పద్ధతి తేలికే. ఆన్‌లైన్ దుకాణం మీకంటూ ఒక ప్రత్యేకమైన లింకు ఇస్తుంది. మీరు ఒక మిక్సీనో, ఇడ్లీ పాత్రనో చూపించి ఆ లింకు పెడతారు. దాన్ని నొక్కి వెళ్లినవాళ్లు కొంటే మీకు కమీషన్. అమెజాన్ సంస్థ పుస్తకాలు అమ్ముకుంటున్న రోజుల్లోనే, 1996 జులైలో, ఈ పథకాన్ని మొదలుపెట్టింది. మన దేశంలో ఆ దుకాణం 2013 జూన్‌లో తెరుచుకుంది. స్టాకు కొనక్కర్లేదు, కొట్టు అద్దె లేదు. అందుకే అంత ఆకర్షణ.

మొదటి రెండు మూడు వేలు చేతికొచ్చేదాకా కథ సాఫీగానే నడుస్తుంది. ఆ తర్వాతే అసలు ప్రశ్న. ఇన్‌స్టాగ్రామ్‌లో వస్తున్న గిరాకీ సరే... యూట్యూబ్‌లో కూడా పెడితే? టెలిగ్రామ్ చానల్ తెరిస్తే? ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి ప్రకటన ఇస్తే? ఈ వ్యాపారంలో వీటిని ట్రాఫిక్ వచ్చే దారులు అంటారు. రెండో దారి వేసుకోవడం అవసరమే. కానీ చాలామంది చేతులు కాల్చుకునేదీ అక్కడే.

బైపాస్ పడితే?

రెండో దారి ఎందుకు కావాలో బైపాస్ పడ్డ ఏ ఊరి హోటల్‌వాళ్లని అడిగినా చెబుతారు. వంట అదే, వడ్డన అదే. బస్సులు మాత్రం రావు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లని నిషేధించినప్పుడు జరిగింది ఇదే. తెలుగు పల్లెల నుంచి ఆ ఒక్క యాప్‌లోనే పేరు తెచ్చుకున్నవాళ్లు తెల్లారేసరికి అభిమానులందరినీ పోగొట్టుకున్నారు. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి నిజమే. కానీ పాత అభిమానుల జాబితాని ఎవరూ మూటగట్టి అక్కడికి మోసుకెళ్లలేకపోయారు. అప్పటికే రెండోచోట కూడా అడుగుపెట్టి ఉన్నవాళ్లే త్వరగా తేరుకున్నారు.

నిషేధాలే అక్కర్లేదు. దుకాణం నిబంధన మార్చినా చాలు. గూగుల్ వెతుకులాటలో ప్రకటనలు కొని, ఆ జనాన్ని నేరుగా తన సైటుకి పంపేవాళ్లకి ఇక కమీషన్ ఇవ్వనని అమెజాన్ 2009 మే 1 నుంచి అమెరికాలో ఆపేసింది. ఆ ఒక్క దారినే నమ్ముకున్నవాళ్ల ఆదాయం ఆ రోజుతో సరి. మళ్లీ 2020 ఏప్రిల్‌లో అక్కడే ఫర్నిచర్ మీద కమీషన్‌ని 8 శాతం నుంచి 3 శాతానికి, కిరాణా సరుకుల మీద 5 నుంచి 1 శాతానికి తగ్గించింది. అంటే దారులే కాదు, దుకాణాలూ ఒకటికి రెండు ఉండాలన్నమాట.

అరవై పైసల లెక్క

సరే, డబ్బు కట్టి ప్రకటన ఇద్దామనుకున్నారు. అప్పుడు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఇది చాలామంది వెయ్యరు. వేస్తే సగం నష్టాలు ఉండవు.

నందిగామలో ఒక గృహిణి ఉందనుకుందాం. మన పక్కింటావిడే అనుకోండి. వంటింటి సామాను గురించి రీల్స్ చేస్తుంది. నెలకి వంద ఆర్డర్లు. సగటున ఒక్కో వస్తువు ఆరొందలు, కమీషన్ 5 శాతం. ఆర్డరుకి ముప్పై రూపాయలు, నెలకి మూడు వేలు. పైసా ఖర్చు లేదు. ఇప్పుడావిడ వెయ్యి రూపాయలతో ఫేస్‌బుక్ ప్రకటన ఇచ్చింది. ఒక్కో క్లిక్కుకి రెండు రూపాయలు పడిందనుకుంటే ఐదొందల మంది లింకు నొక్కుతారు. నొక్కినవాళ్లందరూ కొంటారా? నూటికి ఇద్దరు కొన్నారనుకుంటే పది ఆర్డర్లు. పది ముప్పైలు మూడొందలు. వెయ్యి పెడితే మూడొందలు! ఏడొందలు గోదాట్లో కలిసినట్టే.

మరి ఆవిడ ఒక్కో క్లిక్కుకి ఎంత దాకా పెట్టొచ్చు? నూరుమంది నొక్కితే వచ్చేది అరవై రూపాయలు. అంటే మనిషికి అరవై పైసలు. అంతకన్నా తక్కువకి క్లిక్కు దొరికితేనే లాభం. అదే ఆర్డరుకి రెండొందల కమీషన్ వచ్చే వస్తువైతే క్లిక్కుకి నాలుగు రూపాయల దాకా భరించొచ్చు. అయితే ఖరీదైన వస్తువుని నూటికి ఇద్దరు కొనరు, ఒక్కరు కొంటే గొప్ప. అప్పుడు నాలుగు కాస్తా రెండవుతుంది. ఇంకో సంగతి. తిరగ్గొట్టిన వస్తువుకి కమీషన్ రాదు, వచ్చినా వెనక్కి పోతుంది. లెక్కలో దాన్నీ తీసెయ్యాలి. ఇవన్నీ పోగా మిగిలితేనే ప్రకటన. లేకపోతే ఖర్చులేని దారుల్లోనే కాస్త నెమ్మదిగా నడవడం మేలు.

రెండో పొరపాటు, అన్నీ ఒకేసారి మొదలెట్టడం. సోమవారం యూట్యూబ్, మంగళవారం టెలిగ్రామ్, బుధవారం ఫేస్‌బుక్... అన్నిచోట్లా అదే లింకు. నెలాఖరుకి ఇరవై ఆర్డర్లు పెరిగాయి. ఎక్కణ్నుంచి వచ్చాయి? బ్రహ్మదేవుడికే తెలియాలి. మిర్చి యార్డులో ఏ రైతు టిక్కీలు ఆ రైతు పేరు మీదే లాటుగా వేస్తారు. కలిపేస్తే ఏ కాయకి ఏ ధర పలికిందో తేలదు. ఇక్కడా అంతే. ఒకే ఖాతా కింద ఒక్కో దారికి ఒక్కో ట్రాకింగ్ ఐడీ పెట్టుకునే వీలు అమెజాన్‌లో ఉంది. యూట్యూబ్‌కి ఒకటి, టెలిగ్రామ్‌కి ఒకటి. దీనికి అదనంగా కట్టాల్సిందేమీ లేదు. అయినా బద్ధకించేవాళ్లే ఎక్కువ!

అన్నట్టు, తొందరపడి తీర్పు చెప్పడమూ ప్రమాదమే. కొత్త దారిలో యాభై మంది వచ్చి ఒక్కరూ కొనలేదని మూసేసేవాళ్లు ఉన్నారు. నూటికి ఇద్దరు కొనే మంచి దారిలో కూడా, మొదటి యాభై మందిలో ఒక్కరూ కొనకపోయే అవకాశం మూడింట ఒక వంతుకి పైనే ఉంటుంది. రెండొందల మంది వచ్చి వెళ్లినా ఒక్క ఆర్డరు లేదంటే మాత్రం అనుమానించాల్సిందే.

తిరునాళ్లలో గ్రైండర్

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకి వచ్చే జనం అంతా ఇంతా కాదు. అక్కడ గాజులు అమ్ముడవుతాయి, బొమ్మలు అమ్ముడవుతాయి, మిఠాయి అమ్ముడవుతుంది. అదే జనం మధ్యలో గ్రైండర్ల కొట్టు పెడితే? చూస్తారు, రాయిని తడిమి చూస్తారు, ధర అడుగుతారు, వెళ్లిపోతారు. గ్రైండర్ కొనాలనుకున్నప్పుడు పని గట్టుకుని బజారుకి వచ్చేది ఆ మనుషులే. జనం ఎంతమంది అన్నదాని కన్నా, ఏం పని మీద వచ్చారన్నది ముఖ్యం.

ఫోన్లోనూ ఇంతే. రీల్స్ చూసేవాళ్లు తిరునాళ్ల జనం. సరదాగా వేలితో తోసుకుంటూ పోతారు. రెండు మూడొందల వస్తువు, చూడగానే ముచ్చటేసేది, అక్కడ పోతుంది. యూట్యూబ్‌లో ‘ఏ మిక్సీ మంచిది’ అని వెతికేవాళ్లు బజారుకొచ్చిన జనం. కొనడానికి సిద్ధంగా ఉన్నారు, అనుమానాలే మిగిలాయి. వాళ్లకి ముప్పై సెకన్ల ముచ్చట్లు చాలవు. మినప్పప్పు ఎంతసేపట్లో నలిగింది, చప్పుడు ఎంత, జారు పగిలితే విడిగా దొరుకుతుందా... ఇవన్నీ చెప్పాలి. శ్రమ ఎక్కువే. కానీ రీల్ రెండు మూడు రోజుల్లో మరుగున పడిపోతే, అలాంటి వీడియో ఏడాది తర్వాత కూడా వెతికేవాళ్లకి కనిపిస్తుంది. టెలిగ్రామ్ చానళ్లలో చేరేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి కావాల్సింది ధర ఎక్కడ తగ్గిందన్న కబురొక్కటే. ఇన్‌స్టాగ్రామ్‌లో పనిచేసిన ముక్కనే తీసుకెళ్లి మిగతా చోట్ల అతికిస్తే పని జరగకపోవడానికి కారణం ఇదే. దారి మారితే మాటా మారాలి.

కొత్త దారిలో లింకు పెట్టే ముందు దుకాణంతో చేసుకున్న ఒప్పందం చదవడం మరిచిపోకూడదు. ఎక్కడ పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో అందులోనే ఉంటుంది. కొత్త చానల్‌ని ఖాతాలో నమోదు చెయ్యకపోతే వచ్చిన కమీషన్ ఆగిపోవచ్చు. మన లింకు మీద మనమే కొనుక్కున్నా, చుట్టాల కోసం మనమే ఆర్డరు పెట్టినా కమీషన్ రాదు.

చుట్టాలంటే గుర్తొచ్చింది... అన్నిటికన్నా దగ్గర దారి వాట్సాప్. ఎల్ఐసీ ఏజెంటుగా చేరినవాళ్లు మొదట పాలసీ కట్టించేది బాబాయికీ, బావగారికీ. ఆ చుట్టరికం కొద్ది నెలల్లో అయిపోతుంది. ఆ తర్వాత నిలిచేవాళ్లే నిజమైన ఏజెంట్లు. కుటుంబం గ్రూపులో రోజుకి పది లింకులు పెట్టేవాళ్ల పరిస్థితీ అంతే. పైగా ‘‘నువ్వు చెప్పావనే కొన్నాను కదే అమ్మాయ్, నెలకే పెనం పూత లేచిపోయింది’’ అని పిన్ని ఫోను చేస్తే ఏం చెబుతారు? ముప్పై రూపాయల కమీషన్ కోసం ఆ మాట పడాలా అన్నది ఎవరికివారే తేల్చుకోవాలి. ఇంట్లో కనీసం నెలరోజులు వాడి చూసిన వస్తువునే చెబుతామన్న కట్టుబాటు పెట్టుకుంటే ఈ తంటా చాలామటుకు తగ్గుతుంది.

చట్టమూ ఇందులోకి వచ్చింది. కమీషన్ వస్తుందన్న సంగతిని చూసేవాళ్లకి తెలియజెయ్యాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021 మేలో మార్గదర్శకాలిచ్చింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇంకా స్పష్టంగా చెప్పింది. అర్థమయ్యే భాషలో, కనబడేలా చెప్పాలి. ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో దాస్తే కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రచారం చేస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా, మళ్లీ మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా పడొచ్చు. ‘ఈ లింకు ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుంది’ అని తెలుగులో ఒక్క వాక్యం చెప్పడానికి నామోషీ ఎందుకు? గుంటూరు యార్డులో కమీషన్ ఏజెంటు తన కమీషన్‌ని దాచుకుంటున్నాడా!

అసలు ప్రమాదం ఎక్కువ కమీషన్ ఆశ చూపేవాళ్లతో. మిక్సీకి ముప్పై రూపాయలు వచ్చేచోట బెట్టింగ్ యాప్‌వాళ్లు ఒక్కో మనిషిని చేర్పిస్తే వందలూ వేలూ ఇస్తామంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పేకాటనీ, బెట్టింగ్‌నీ 2020 సెప్టెంబరులోనే నిషేధించారు. అయినా ప్రచారాలు ఆగలేదు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పలువురు యూట్యూబర్ల మీదా, సినీ తారల మీదా కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చేసినవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ఆ లింకు నొక్కి చేరినవాడు పక్క వీధి కుర్రాడే కావచ్చు. వాళ్లమ్మ రేపు బజార్లో ఎదురుపడుతుంది కూడా.

‘ముందు ఐదు వేలు కట్టండి, లింకు ఇస్తాం, ఇంకో నలుగురిని చేర్పించండి’ అనేవాళ్లు ఇంకో రకం. దుకాణాల అసలు పథకాల్లో చేరడానికి రుసుము ఉండదు. మనుషుల్ని చేర్చడం మీదే డబ్బు తిరిగితే అది గొలుసు వ్యాపారం. దాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1978లోనే చట్టం ఉంది.

ఇక చేతిలో డబ్బు సంగతి. ప్రకటనకి డబ్బు ఇవాళే కట్టాలి. కమీషన్ మాత్రం ఇవాళ రాదు. వస్తువు చేరాలి, తిరగ్గొట్టే గడువు దాటాలి. అమెజాన్ అయితే నెల ముగిశాక సుమారు అరవై రోజులకి చెల్లిస్తుంది. ఆ రెండు మూడు నెలలూ చేతి డబ్బు తిప్పగలిగినంతే ప్రకటనకి పెట్టాలి. అప్పు తెచ్చి పెడితే వడ్డీయే కమీషన్ని మింగేస్తుంది. దసరా అమ్మకాల కోసం అక్టోబరులో పెట్టిన ఖర్చు తిరిగి చేతికందేది సంక్రాంతి ముగ్గులు మొదలయ్యాకే.