మారాల్సింది రైతేనా?

"వాతావరణం మారింది, మీరూ మారండి" అని ప్రతి సదస్సులోనూ మనకి చెబుతున్నారు. మారని రైతెవరు? వానలు ఆలస్యమై నాట్లు ఆగస్టు చివరికి పోతున్నాయి. ఐదు నెలల రకం వేస్తే కోత సరిగ్గా తుపాన్ల నోట్లో పడుతోంది. అందుకే మనవాళ్లు 1010 లాంటి నాలుగు నెలల రకాలకి దిగారు. కొందరు వెద జల్లుతున్నారు. చెరకు తీసేసి సరుగుడు వేసినవాళ్లు, హుద్‌హుద్‌కి ఆ సరుగుడూ కూలిపోయి మళ్లీ మొదటికొచ్చినవాళ్లూ ఉన్నారు.

రాత్రి వేడి కూడా గింజని తింటోంది. ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ పొలాల్లో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గిందని 2004లోనే తేల్చారు. ఆ వేడి నాగలి పుట్టించింది కాదు. పరవాడలో 2,000 మెగావాట్ల బొగ్గు కరెంటు తయారవుతోంది. దాన్ని మూసేయమనడం లేదు. బిల్లు రైతు పేర రాయొద్దంటున్నాం.

ఇక నీళ్లు. రైవాడ జలాశయం నీరు విశాఖ నగరానికి పోతోంది. ఏలేరు నీరు ఉక్కు ఫ్యాక్టరీకీ, నగరానికీ వస్తోంది. పట్నం జనం గొంతు తడపొద్దని ఏ రైతూ అనడు. కానీ కర్మాగారాలకి శుద్ధి చేసిన మురుగునీరు ఇచ్చి, రైవాడ నీరు ఆయకట్టుకి వదలడానికి అడ్డేమిటి? వాన తప్పిన ఏడు ఒక్క తడి అందితే పంట నిలుస్తుంది. ఆ తడి ఇవ్వకుండా కరువు తట్టుకునే విత్తనం ఇస్తామంటే ఏం లాభం!

బీమా సంగతి మరీ వింత. కోసి పనల మీదున్న వరి తడిస్తే 72 గంటల్లో తెలపాలట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖలోనే రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. పల్లె రైతు ఎవరికి తెలపాలి? కౌలు రైతుకైతే అసలు కార్డే దక్కదు. 2019 చట్టం ప్రకారం భూ యజమాని ఒప్పుకొని సంతకం పెట్టాలి. పెట్టేవాళ్లెందరో మనకి తెలుసు. నష్టం కౌలు రైతుది, పరిహారం పాస్‌బుక్కుది.

చోళ్లు వేయండి, వాన లేకున్నా పండుతాయంటారు. నిజమే, మన తాతలు పండించారు. 2025-26కి మద్దతు ధర క్వింటాకి 4,886 రూపాయలని ప్రకటించారు. ఆ ధరకి ఊళ్లో కొనే కాటా పెట్టి అప్పుడు చెప్పండి, వేస్తాం.

మండల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి శాఖ కార్యదర్శీ తన ఊళ్లో కార్డు లేని కౌలు రైతుల పేర్లు, వాళ్లు చేస్తున్న ఎకరాలు రాసుకుని రావాలి. ఆ జాబితాతోనే కలెక్టరేట్‌కి వెళ్దాం.