ఇంటి లెక్కకు అసమీకరణము

బీజగణితము పరీక్షల కొరకే పుట్టినదని మన విద్యార్థులలో పెక్కుమంది భావింతురు. ఇది పొరపాటు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరమందు అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథము పేరులోని ‘అల్ జబర్’ అను మాటయే నేడు ఉర్దూలో ‘అల్‌జబ్రా’గా నిలిచినది. ఆ గ్రంథములో పెద్ద భాగము వారసులకు ఆస్తి పంచు లెక్కలే. ఇంటి అవసరము తీర్చుట ఈ శాస్త్రమునకు మొదటినుండియు ఉన్న ధర్మము.

నేడు మన ఇండ్లకు వచ్చిన లెక్క ఆరోగ్య బీమా. ఏజెంటు రెండు పథకములు చూపును. ప్రీమియం తక్కువగా నున్నదానిపై పెద్దలు సంతకము చేయుదురు. ఒక ఉదాహరణము తీసికొందము. మొదటి పథకమునకు ఏటా 6,000 రూపాయలు. కాని ఆసుపత్రి బిల్లులో ఐదవ వంతు మనమే భరించవలెను. రెండవదానికి 10,000, బీమా పరిమితిలోపల బిల్లంతయు కంపెనీయే చెల్లించును. తక్కిన షరతులు రెండింటికి సమానమే. ఏడాది బిల్లును ‘య’ అనుకొన్నచో, మొదటిది చౌక యగుటకు

6,000 + య/5 < 10,000

కావలెను. అనగా య < 20,000. బిల్లు 20,000 దాటిన క్షణమున చౌక పథకము ఖరీదైనదగును. బిల్లు రెండు లక్షలైనచో మొదటి పథకము క్రింద మన ఖర్చు 46,000. రెండవదాని క్రింద 10,000 మాత్రమే.

పదేండ్లలో ఒక్కసారియే అట్టి బిల్లు వచ్చినదనుకొందము. రెండు పథకములకును మొత్తము ఖర్చు సరిగా లక్ష రూపాయలే! అయినను రెండును సమానములు కావు. నెలజీతముపై బ్రతుకు కుటుంబము ఏటా నాలుగువేలు అదనముగా కూడబెట్టగలదు; ఒక్క ఏడాదిలో 46,000 తేవలెనన్నచో అప్పు చేయవలసినదే. కావున ‘ఏది చౌక?’ అని గాక ‘ఎంతవరకు చౌక? ఆ హద్దు దాటిన నాడు మనము తట్టుకొనగలమా?’ అని ప్రశ్నింపవలెను. మొదటి ప్రశ్నకు గణితము బదులు చెప్పును. రెండవదానికి ఇంటివారే చెప్పవలెను.

కళాశాల కమిటీవారికి నా మనవి యొక్కటే. ఏడాదికి ఒక్క గణిత పీరియడు ఇందుకు కేటాయించుడు. విద్యార్థులు తమ ఇంటి బీమా పత్రములు తెచ్చి, షరతులు చదివి, హద్దు కట్టుదురు గాక. మిత్రులారా, తండ్రిగారు సంతకము చేయకముందే ఆ కాగితము మీ చేతికి రావలెను.